నేత లెక్క

మా కోడలు సుగుణ
మొన్న సోమారం నుంచి బొంత కుడ్తాంది.
పాత చీరెలు నాలుగు పరిచి, అంచులు మలిచి
దబ్బనంతోని కుట్టే బొంత నేనెరుగుదు,
మా అవ్వ కుట్టేది.
ఇది వేరే.

జూన్ నెలంత బడిపిల్లల బట్టలు కుట్టంగ
సంచిల మిగిలిన నీలం పీలికలు,
కరీమాబాద్ కనకవ్వ జాకెట్ల పసుపు,
ఎవరిదో లంగాగుడ్డ, ఇటుక రంగు.
అన్నీ నాలుగు వేళ్ల వెడల్పు
స్కేలు వెట్టి సబ్బుముక్కతోని గీసి కత్తిరించింది.
మూడు రంగులు పొడుగ్గ అతికింది,
ఇస్త్రీ చేసింది,
జానకు ఇంత తక్కువ, కుట్లు తిన్నంత తక్కువ,
చదరం ముక్కలు కోసింది.

గంత సేపు కుట్టి మల్ల కోసుడేందే, అన్న.
"ఆగు మామా" అన్నది, పండ్ల నడుమ గుండుసూది.

నేను కొత్తవాడల నలబై ఏండ్లు షత్రంజీలు నేసినోణ్ణి.
ఎడమ కంటికి అద్దమేసిండ్రు,
దూరంది అవుపడ్తది, చేతిలది అవుపడది.
కుడిది చలికాలం పోయినంక చూద్దామన్నడు
హన్మకొండ డాక్టరు.

ముక్కలన్నీ నేల మీద పరిచింది.
ఒకటి నిలువు, ఒకటి అడ్డం.
నిలువు. అడ్డం.
మంచం మీదికెల్లి చూస్తే
అర్ర నిండ ఎవరో చాప అల్లినట్టు,
నీలం పోయి పసుపు కింద దూరినట్టు,
ఇటుక రంగు మీదికి లేసి మల్ల మునిగినట్టు.
ఏదీ దూరలే. ఏదీ మునగలే.
పక్కపక్కకు కూసున్నయి, గంతే.

పడుగేదే?
"లేదు మామా."
పేక?
"అదీ లేదు."
మరి నేతెట్లయితది?
"నేత గాదు. నేత లెక్క."

కోపమొచ్చింది, అబద్ధమెందుకు.
లెక్క అంటే నాకు పోగుల లెక్క,
పంజాతోని కొట్టి కొట్టి
మోచెయ్యి వాసిన దినాల లెక్క.
గోడ దిక్కు తిరిగి పండుకున్న.

పొద్దుగూకంగ వరుసలు తీసి
మిషిని మీద వెట్టవోతాంది.
ఆగు, అని ఒర్రిన.
కిటికి దిక్కు నుంచి మూడో వరుస, ఐదోది. తిరగవడ్డది.
వంగి చూసింది. రెండు నిలువులు
ఒకదాని పక్క ఒకటి.
"నీకు కండ్లు అవుపడయి గద మామా!"
అవుపడయి. తప్పు అవుపడ్తది.

ఇగ అప్పటి సంది ప్రతి వరుసకు పిలుపే.
అంచుకు ఎరుపు ఎయ్యమన్న, ఎయ్యనన్నది.
బడి నీలమే ఏసింది.
దాని ఇష్టం.

మిషిని ఉన్న జాగ నా మగ్గం గుంత.
మగ్గం తీసిన ఏడు ఇసుక వోసి, మొరం దంచి
షాబాదు బండలు పరిచినం.
ఆ నాలుగు బండలు ఇప్పటికీ వానకాలం కొంచెం కుంగుతయి.
మిషిని ముందటి కాలు కింద
అట్టముక్క మడిచి పెట్టింది సుగుణ.
ఆమె తొక్కుతాంటే చూసిన.
మగ్గం తొక్కుడు వేరు, ఒక కాలు దిగితె ఒక కాలు లేస్తది.
మిషినికి రెండు పాదాలు ఒక్కసారే.
చెప్పుదామనుకున్న. ఏం చెప్తం.

నిన్న రాత్రి తెచ్చి కప్పింది.
"ఎట్లుందో పొద్దుగాల చెప్పు,
బాగుంటే ఇంకోటి కుట్టి అమ్ముత."
చీకట్ల తడిమి చూసిన.
నేసిన దాంట్ల అతుకుండది,
దీంట్ల అతుకులు తప్ప ఏం లేవు.
వేలికి తగిలినకాడల్లా కుట్టు,
ముసలి చేతి నరం ఉబ్బినట్టు.
బరువు మాత్రం సరిగ్గ ఉన్నది.
ఎన్ని అతుకులో లెక్కవెడ్తాంటె
నూటపదకొండు కాడ నిద్రవట్టింది.

తెల్లారి చాయ్ ఇచ్చుకుంట అడిగింది.
"రాత్రంత కాళ్లు ఆడిస్తాంటివి మామా,
ఒకటి తర్వాత ఒకటి.
దోమలు కుట్టినయా?"

పుష్యమాసంల, ఇంత చలిల, దోమలేడియి.

కుట్టినయి, అన్న.