చెవిలో రాయి

లెర్విక్ రేవుకి
కాడ్ చేప కొనడానికే వెళ్ళాం.
మా ఇంటిబడికి ఆ పూట సెలవు.

"డబ్బులకేం తొందర, ఇది చూడు" అంటూ
గిబ్బీ చేప తల చీల్చి
చెవి లోపల్నించి
చిక్కుడుగింజంత తెల్లరాయి తీశాడు.
పుటుక్కున విరిచి
ఓస్లా అరచేతిలో పెట్టాడు.
ఏడాదికో వలయమట.

టోపీ అంచున వాన కారుతున్నా
కదల్లేదు పిల్ల.
గోటి కొసతో
ఐదు, ఆరు...
మళ్ళీ మొదట్నించీ...
ఏడు.
"నా ఈడుదే అమ్మా!"

తిరుగు బస్సులో
నా ఒళ్ళో తడి పొట్లం,
ఓస్లా గుప్పిట్లో రాయి.
కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

రాత్రి పాఠాల చిట్టా తెరిచాను.
దీన్ని ఎక్కడ రాయను,
లెక్కల్లోనా, సైన్సులోనా?
తేదీ వేసి
ఖాళీగా వదిలేశాను.

పొయ్యి మీద చేప ఉడుకుతోంది.
తనకి బంగాళదుంపలు చాలంది ఓస్లా.