పళ్లు పట్టి చూసినట్టు

ఆదోని పత్తి మార్కెట్టు ముందర, టీ బంకు కాడ
పత్తికొండ పిల్లోడు నా కెమెరాను
ఎద్దు పళ్లు పట్టి చూసినట్టు చూస్తాండాడు.
"ఎన్ని క్లిక్కులు తిరిగిందన్నా?"
లక్షా ఎనభై రెండు వేలు.
అబద్ధమాడితే కంప్యూటరు చెప్పేస్తాది.

చీకట్లో నాయిస్ వస్తాదా అంటే, వస్తాది.
ఐఎస్ఓ ఆరువేలు దాటితే
నల్లకోటు మీద జొన్నపిండి చల్లినట్టు.
కరెంటు పోయిన పెళ్లిలో గూడా
తాళిముడి మీద ఫోకస్ తప్పలేదు మాత్రం.

ఒకటి దాచినా.
సెన్సర్లో కుడిపక్క ఒక పిక్సెల్
ఎర్రగా ఇరుక్కుపోయింది.
పదకొండేండ్లు, ఎందరి పట్టుకొంగుల మీదో
దాన్ని నేనే కూర్చోని తుడిచినా.

పరీక్షకని వాడు నన్నే తీసినాడు.
ఇది నన్ను చూడ్డం ఇదే మొదలు.
జూమ్ చేస్తే
నా చెవితమ్మె మీద ఎర్రచుక్క.

"ఇదేందన్నా?"

వెయ్యి తగ్గించినా.