అరసున్న

శంషాబాద్ కార్గో షెడ్డు. రాత్రి రెండున్నర.
బ్యాంకాక్ విమానం నుంచి పన్నెండు పెట్టెలు దిగాయి.
మూత తీస్తే ఊదారంగు ఆర్కిడ్లు,
ఒక్కో కాడ చివర ఒక్కో బుల్లి నీళ్ల గొట్టం,
సెలైన్ ఎక్కించుకుంటూ పడుకున్నట్టు.

నా ఉద్యోగం వాటిని నిద్ర లేపడం.

తెల్ల కాగితం పరుస్తాను.
కాడను తలకిందులుగా పట్టుకుని
మూడుసార్లు తడతాను.
పుప్పొడి రాలుతుంది. రేకు తునక ఒకటి.
ఆ తర్వాత పుప్పొడి కానిదేదో
నడవడం మొదలుపెడుతుంది.

ఉప్మారవ్వ పలుకు కన్నా సన్నం.
పాత అచ్చు పుస్తకాల్లో అరసున్న ఉండేది కదా,
ఎవరూ పలకనిది,
ఉందో లేదో ఎవరికీ పట్టనిది,
అంత.
తడి కుంచెతో ఎత్తి లెన్సు కింద పెడితే
రెక్క అంచున దువ్వెన పళ్లలా వెంట్రుకలు.
తామర పురుగు. ఏ రకమో పొద్దున ల్యాబు చెప్పాలి.
అందాకా పెట్టెలు కదలవు.

ఏజెంటు ఇబాదుల్లా కాగితం మీదికి వంగి చూశాడు.
"పురుగే కదా మేడమ్,
హైదరాబాద్‌ల లేవా పురుగులు?
రేపు షాదీ ఉంది, స్టేజి మొత్తం ఇదే కలర్."

ఉన్నాయి ఇబాదుల్లా.
మన పురుగుల్ని మన సాలీళ్లు ఎరుగును,
మన పిచుకలు ఎరుగును,
దీన్ని ఇక్కడ ఎవరూ ఎరగరు.
పగవాడు లేనివాడికి ఊరంతా అత్తారిల్లే.

ఇదంతా అతనితో అనలేదు.
"పొగ పెట్టించాలి, లేదా కాల్చాలి" అన్నాను.
అతను ఫోన్ తీసుకుని దూరంగా వెళ్లాడు.

మా మేనమామ ఎల్లమందయ్యకి
మూడెకరాల మిరప ఉండేది.
ఆ ఏడు పూత విరగబూసింది.
ఒక పువ్వు విప్పి చూపించాడు.
లోపల నల్లగా, కిటకిటలాడుతూ.
పందొమ్మిది సార్లు మందు కొట్టాడు.
ఖాళీ డబ్బాలు గట్టు మీద వరసగా పేర్చాడు,
ఎందుకో నాకు తెలీదు, బహుశా లెక్క తప్పకుండా.
కాయ నిలవలేదు.

"యాడిదే బిడ్డా ఈ పురుగు?"
"సముద్రం అవతలిది మామా."
"మరి దీనికి పాస్‌పోర్టు ఎవరిచ్చిండ్రు?"
అని తనే నవ్వాడు.
నా స్టాంపు నా సంచిలోనే ఉంది.

ఈ రాత్రి దొరికింది.
నిన్న దొరకలేదు.
నిన్న పన్నెండులో రెండే తెరిచాను.
మిగతా పది పెట్టెలూ
మూత విప్పకుండానే నా సంతకం మోసుకుపోయాయి.
నాలుగింటికల్లా గుడిమల్కాపూర్,
బంతిపూల రాశికీ చామంతి మూటలకీ మధ్య.
సాయంత్రానికి మొయినాబాద్ రోడ్డు ఫంక్షన్ హాలు.
తెల్లారితే హాలు వెనక ప్రహరీ పక్కన
విస్తరాకులతో, బిర్యానీ ఎముకలతో ఒకటే కుప్ప.
ప్రహరీకి అటువైపు
బుగ్గయ్య అప్పు చేసి వేసిన పాలీహౌస్,
లోపల పసుపు జెర్బెరాలు.
గోడ ఎత్తు ఆరడుగులు.
గాలికి ఎత్తులు తెలీవు.

పోయిన ఆదివారం మా ఆడపడుచు కూతురు రిసెప్షన్.
వేదిక మీద ఎవరో నా చేతిలో బొకే పెట్టారు,
ఊదారంగు.
ఫొటోగ్రాఫర్ ఇటు చూడమంటున్నాడు.
నా చెయ్యి నా మాట వినలేదు.
స్వీటు తిని వదిలేసిన తెల్ల పేపర్ ప్లేటు అందుకుని
దాని మీద బొకే తలకిందులు చేసి
తట్టాను. మూడుసార్లు.

అందరూ నవ్వారు. పెళ్లికూతురు మరీ నవ్వింది.
ప్లేటులో ఏమీ పడలేదు.
నేనూ నవ్వాను.

గుడ్లు రేకు కండలోపల పెడుతుంది అది.
ఎంత తట్టినా రాలవు.

ఇంటికి తెచ్చి కవర్లో మూటగట్టి
ఫ్రీజర్‌లో పెట్టాను.
పొద్దున ఐసుముక్కల కోసం తలుపు తీసిన మా చిన్నది
మంచు పట్టిన పూలను చూసి అడిగింది:
"వీటికేమైందమ్మా?"

"ఇంకా తెలీదు" అన్నాను.