ముక్కుపచ్చలారనిది

గోదాము తలుపు తీయగానే
ముందు సముద్రం లోపలికొచ్చింది, తర్వాత మేం.
ఐలా దీవిలో ఫిబ్రవరి గాలి
ఎవరి అనుమతీ అడగదు.

రెండువందల పన్నెండో పీపా.
ఫార్కర్ టార్చి పట్టుకున్నాడు.
ఈవర్ చెక్కసుత్తితో అటో దెబ్బ ఇటో దెబ్బ వేసి
బిరడా పైకి తెప్పించాడు.
ఈ పీపా నింపిన రోజు వాడికి పనిలో మొదటి వారం.
సగం చొక్కా మీదే పోసుకున్నాడు,
వాళ్లమ్మ గుమ్మంలోనే ఆపేసిందట.

గొట్టం దించి, పైకొసన బొటనవేలు మూసి,
పైకి తీసి గ్లాసులో వదిలాడు.
ఎండుగడ్డి కడిగిన నీళ్ల రంగు.
ఐదేళ్లు ఓక్ చెక్కలో పడుకుని
సంపాదించుకున్నది ఇంతే.

ముక్కు పెట్టాను.
ముప్పై ఒక్క ఏళ్లుగా నాకు జీతం తెచ్చిపెట్టిన ముక్కు.
దీని ముక్కుపచ్చలింకా ఆరలేదు,
పరీక్షించే ముక్కేమో ఆరిపోవచ్చింది.

మొదట పొగ.
పొగ కూడా కాదు, పొగరు.
ఒక్క అక్షరం ఎక్కువ, అంతే తేడా.
తడి కంబళి పొయ్యి పక్కన ఆరేసినట్టు,
పడవల రేవులో తారు, ఆస్పత్రి వరండాలో అయోడిన్,
మెక్‌ఫీ ముసలాయన చేపలకు పొగబెట్టే రేకుల షెడ్డు.
వీటన్నిటి వెనక, సిగ్గుపడుతూ,
ఒక పచ్చి బేరిపండు.

నాలుక మీద పెడితే కోడెదూడ,
పలుపు తెంపుకుని చిగుళ్లన్నీ తొక్కేసింది.
రెండు చుక్కలు నీళ్లు వేసి ఆగాను.
ఉప్పు. మిరియం. ఎక్కడో గింజంత తీపి,
తీపి అని పేరు పెట్టేలోపే వెళ్లిపోయింది.

"ఏమంటావు షోనాక్?"
ఫార్కర్ గొంతులో బ్యాంకు వాయిదా వినబడింది.
"ఇంకో ఏడేళ్లుంచాలా?"

ఉంచితే మర్యాద నేర్చుకుంటుంది.
చెక్క దానికి తేనె, వెనిల్లా వంటపడతాయి,
పెద్దల ముందు కాళ్లు దగ్గరపెట్టుకు కూర్చుంటుంది.
పొగ మాత్రం ఏడాదికింత చొప్పున
చెప్పాపెట్టకుండా జారుకుంటుంది.
ముప్పై ఏళ్ల పీపాల్లో చూశాను,
తాము నిప్పులోంచి పుట్టామన్న సంగతే మరిచిన
పెద్దమనుషుల్ని.

కొండ వెనక బురదనేలలో
ఈ పీట్ మట్టి పేరుకోవడానికి ఐదువేల ఏళ్లు పట్టింది.
నాచు మీద నాచు, చచ్చిన గడ్డి మీద వాన.
దాన్ని తవ్వి, ఎండబెట్టి,
ఒక్క రాత్రిలో తగలబెట్టి బార్లీకి పట్టించాం.
ఐదువేల ఏళ్ల ముసలిదాన్ని చంకనెత్తుకుని
ఐదేళ్ల పిల్ల పరుగెడుతోంది ఈ గ్లాసులో.
తూలుతోంది, నిజమే.
కింద పడెయ్యలేదు.

ఈవర్ సుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చాడు,
తీర్పు తనమీదే అన్నట్టు.

"లోపాలున్నాయి" అన్నాను.
"నడుమ ఖాళీ. చేదు తొందరపడి ముందే వచ్చేస్తుంది.
అబద్ధం మాత్రం ఆడదు.
సీసాల్లో పోయించు. నీళ్లు తక్కువ కలుపు, రంగు అసలే కలపకు.
వయసు దాచకు,
ఐదు అంకె అరచేతంత వెయ్యి చీటీ మీద."

"ఐదని చూసి కొంటారా ఎవరైనా?"

"ముక్కున్నవాళ్లు కొంటారు."

సుద్దతో పీపా మీద గీత గీశాను.
ఈవర్ బిరడా బిగించాడు,
కావలసినదానికన్నా రెండు దెబ్బలు ఎక్కువ.

గ్లాసు కడగలేదు,
ఇంటికి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టాను.
రాత్రంతా వాన.
పొద్దున అడుగున తడి కూడా మిగల్లేదు.
ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే
బూడిద, ఇంకా వెచ్చగా,
ఇప్పుడే ఎవరో పొయ్యి ముందు నుంచి
లేచి వెళ్లినట్టు.