సజ్జ

మా దిక్కు సజ్జ అంటే చేన్ల పంట.
ఇంట్ల సజ్జ అంటే వాడని బిందెలు దాచే చోటు.
షార్జా అవతల, సిమెంటు ఫ్యాక్టరీ పక్కన
మేం పండుకునే క్యాంపు పేరు గూడ సజ్జనే.
ఎవరు పెట్టిన్రో తెల్వదు గని
మొర్రిపెల్లి ఇప్పుడు ఈ సజ్జ మీదనే ఉన్నది.

ఊరు నీళ్ల కిందికి పోయి తొమ్మిదేండ్లు.
ఊర్లె ఉన్నోళ్ల ఫోటోలు
ట్రాక్టర్ల మీద, వానల, కాలనీ రేకుల కింద
ఒకదానికొకటి అంటుకపోయి అట్టలైనయి.
దేశం విడిచినోళ్ల కాడియే మిగిలినయి:
పాస్‌పోర్టు కవర్లల్ల, షేవింగు డబ్బలల్ల,
మంచం ఇనుప పట్టీకి టేపుతోని.

అందుకే శుక్రారం శుక్రారం
పదహారో నంబరు రూంల
షట్టరింగు ప్లైవుడ్ ఒకటి నేల మీద పరుస్తం.
ముందుగాలనే ఆశన్న షరతు పెట్టిండు:
"మొకాలు సూడొద్దు. మొకాల ఎనుక సూడున్రి."

లసుమయ్య పెండ్లి ఫోటోల లసుమయ్య మాకక్కర లేదు,
ఆయన భుజం మీదికెల్లి కనవడే పిండి గిర్ని కావాలె.
బ్యాంకు లోను కోసం దిగిన బర్రె,
చెవుకు పసుపు బిళ్ల, పక్కన బిగుసుకపోయిన రాజిరెడ్డి.
బర్రె కాళ్ల సందుల
లైబ్రరీ మెట్లు మూడు దొరికినయి.
నాలుగో మెట్టు ఉండెనా లేదా అని
రాత్రి పదకొండు దాక కొట్లాట.

పలకలు పట్టుకున్న ఫోటోలు గూడ ఉన్నయి.
నష్టపరిహారం సార్లు దింపినయి.
ఇంటి ముంగట మనిషి, మనిషి చేతుల పలక,
పలక మీద సుద్దతోని నంబరు.
జైల్లె దింపినట్టే దింపిన్రు గని
ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో
ఆ సర్కారు సుద్ద ఒక్కటే సక్కగ చెప్తది.

కుట్టుదారం బాట అయింది.
దగ్గుమందు సీసా మూత చేదబాయి అయింది.
కుమ్మరోళ్ల వాము, పీర్ల కొట్టం,
బీడీల కంపెనీ, తలుపు లేని పోస్టాఫీసు…
ఊరు లేస్తాంటె
పెషావర్ డ్రైవర్ జర్దాద్ ఖాన్ చాయ పట్టుకొని తొంగి సూసి
"ఇదంతా పానీ కిందనా?" అని
చెప్పులిడిచి లోపటికి వచ్చిండు.

తూర్పు దిక్కు జానెడు జాగ మాత్రం ఖాళీ.
అరవై ఫోటోలల్ల ఒక్కటి గూడ అటు తిరగలేదు.
కెమెరా ఎన్నడు ఆ వాడకు పోలేదు.
మేమెవ్వరం ఆ మాట అనలేదు.
కింది మంచం మీద గుండీ కుడుతున్న ఎల్లన్న గూడ అనలేదు.

ఆఖరుకు సూది బనీనుకు గుచ్చి, లేచి వచ్చి,
నర్సింగరావు బారాత్ ఫోటో అందుకున్నడు.
గుర్రం, గొడుగు, పెట్రోమాక్స్ దీపం
అన్ని దాటి అంచు మీద వేలు పెట్టిండు.
ఫోటో తెగిపోయిన కాడ
సగం డప్పు, మోచేయి దాక ఒక చెయ్యి.
"గీ చెయ్యి మా నాయినది," అన్నడు.
"గింతే ఉన్నది."

మొకం సూద్దామంటె అక్కడ మొకమే లేదు.
ఆశన్న కండ్లద్దాలు తుడుసుకుంట కూసున్నడు.

అది కత్తిరించి పెడ్దామా అంటె వద్దన్నడు.
సుద్ద అడిగిండు. సైట్ల గీతలు కొట్టే నీలం సుద్ద ఇచ్చిన.
మోకాళ్ల మీద వంగి
ఇరవై మూడు ఇండ్లు, ఒక్కొక్క పేరు చదువుకుంట గీసిండు.
ఏడో ఇంటికి రెండు తలుపులన్నడు.
పద్నాలుగో ఇంటి కాడ పేరు యాదికి రాక
కోరుట్లల ఉన్న చిన్నమ్మకు ఫోన్ కలిపిండు.
ఆమె ఎత్తలేదు. అక్కడ రాత్రి ఒంటిగంట.

ఆ చౌకం మీద ఇంకా పేరు లేదు.

నాలుగింటికి బస్సు.
సుద్ద చెరగకుండ
ఏడుగురం చేతుల మీద లేపి
పై మంచం మీద పెట్టినం,
వెల్లకిల.