ముక్కులాగే

పర్లాకిమిడిలో పాత బంగళా సామాన్లు వేలమేసిన రోజు
ఇత్తడి గంగాళం అడుగున దొరికిందట.
ముప్పావు తులం తక్కువ నాలుగు తులాలు.
కరిగించమనే ఇచ్చాడు దుంపల దాలినాయుడు.

కుంపటి రాజేసి పట్టకారుతో ఎత్తాను.
పక్కకి తిరిగిన మొహం, గడ్డం కింద కొవ్వు మడత,
పెట్టుడు జుట్టులా బిగుసుకున్న ఉంగరాలు.
చెయ్యి ఆడలేదు.
వెండికి వెండి తూచి ఇచ్చేశాను.

ఇప్పటికి నలుగురయ్యారు.
గుణుపురం తాకట్టు కొట్లో ఒకడు, బరంపురంలో ఇద్దరు.
పన్నెండుమంది ఉండాలట.
గురివింద గింజల డబ్బాలో, దూది మీద పడుకోబెట్టాను
రోము దేశాన్ని.

పాణిగ్రాహి మాస్టారు భూతద్దం పెట్టి చదివారు:
"ఓథో. మూడు నెలలే ఏలాడు."
ఆనక పెదవి విరిచారు.
"అప్పటిది కాదు ఆచారీ. రాజు పోయిన పదహారు వందల ఏళ్ళకి
ఎవడో మీవాడే చెక్కాడు. మొహం చూసి కాదు."

నేను చూసి చెక్కుతున్నానా?
మొన్న మాఘంలో కాశీనగర్ నుంచి ఒకాయన
పోయిన పెళ్ళాం పేర సవతి బిళ్ళ చెయ్యమన్నాడు,
కొత్తామె మెళ్ళోకి.
ఫొటో లేదు.
ముక్కెలా ఉండేదంటే
"ముక్కులాగే" అన్నాడు.

గడప దగ్గర నిలబడ్డ కొత్తామే
కొంగు సర్దుకుంటూ అంది:
"బుగ్గన సొట్టంట. మా అత్త చెప్పింది."

ఉలి మొనతో ఒక్క పోటు.
అంతవరకూ రేకు.
అప్పుడు నన్ను చూసింది.

రాత్రి దీపం దగ్గర ఓథో చెంప తడిమాను.
నోటి చివర ఒక గీత, అక్కర్లేనిది,
పనివాడు ఊరికే గియ్యడు.
ఎవరు చెప్పారో వాడికి,
ఏ గడప దగ్గర నిలబడి.