తొమ్మిది అంగుళాల మూత

సర్వేకొచ్చిన పిల్లగాడు
చాదర్‌ఘాట్ బ్రిడ్జి కింద నిలబడి
మా నలభై ఇండ్లను ఒక్క గడిల రాసుకున్నడు:
ఫ్లోటింగ్ పాపులేషన్.
అంటే ఏంది తమ్మీ అనడిగిన.
ఇయ్యాల ఈడ, రేపు ఇంకోకాడ ఉండేటోళ్లు అన్నడు.
ముప్పై ఏండ్ల సంది ఈడనే ఉన్నం.
కదిలేది మేం కాదు, మూసీ.

అయినా ఆ మాట నాకు నచ్చింది.
తేలేటోళ్లమా? సరే, తేలుదాం.

ఎగువన గేట్లు ఎత్తిన్రంటే
ముందుగాల వచ్చేది వరద కాదు.
మూలకున్న బేసిన్ గుడగుడమంటది.
మనం పంపించింది
అడ్రసు మర్వకుండ మన ఇంటికే తిరిగొస్తది.
బియ్యం డబ్బా మంచమెక్కుతది,
మంచం ఇటుకలెక్కుతది.
ఆడోళ్లు మాత్రం
చుట్టూ నీళ్లు పెట్టుకొని గుక్కెడు తాగకుండ
తెల్లారేదాక బిగబట్టి కూసుంటరు.

ఐటీఐల ప్లంబింగ్ చదివిన, బ్యాచ్‌ల ఒక్కదాన్నే ఆడపిల్లను.
అపార్ట్‌మెంట్లల్ల జెట్ స్ప్రేలు బిగించి వచ్చి
రాత్రిపూట క్యాలెండర్ అట్ట ఎనక గీసిన:
ఏడు నీలం డ్రమ్ములు,
జీడిమెట్ల పాతసామాన్లకాడ ఒక్కోటి ఆరువందల యాభై,
ఎన్ని కడుగులు కడిగినా పోని ఏదో మందు వాసన.
నాలుగింట్ల ఉత్త గాలి, తేలనీకె.
ఒకదాంట్ల మడ్డి దిగుతది.
ఒకదాంట్ల కంకర, బొగ్గు, కొబ్బరి పీచు.
ఆఖరుదాంట్ల పట్నమంతా తిట్టే గుర్రపుడెక్క,
పనిలేక పెరిగేదానికి పని దొరికింది.
నాలుగు మూలల ఇనుప పైపులు పాతి
కడాలు తొడిగితే
నీళ్లతోని లేస్తది, నీళ్లతోని దిగుతది.
తలుపుకు పోయిన ఎలచ్చన్ల ఫ్లెక్సీ.
దండం పెట్టే మొఖం బయటి దిక్కు ఉండాలని
మొగులమ్మ గట్టిగ చెప్పింది.

మొదలు ఎక్కింది కూడా ఆమెనే.
పడవ లెక్క ఒక పక్కకు ఒరిగి, ఆమె శాపనార్థాలు, మా నవ్వులు.
ఒక డ్రమ్ము జానెడు జరిపినం.

పదకొండు వేల నాలుగు వందలైంది.
ఖదీర్ భాయ్ కూలి ఇంకా బాకీ.
మడ్డి డ్రమ్ముకు మూత కోసేటప్పుడు ఆయన అడిగిండు:
ఇంత చిన్నగేంది అండాలూ,
పెద్దగ కోస్తే ఎత్తిపోసుడు అల్కగైతది గద.
టేపు ఆయన చేతులపెట్టి
నీ భుజాలు కొలుసుకో భాయ్ అన్న.
పదహారున్నర.
మూత తొమ్మిది.

మా నాయన సుల్తాన్‌బజార్ మ్యాన్‌హోల్‌లకు దిగేముందు
తడుస్తదని బీడీ కట్ట గట్టు మీద పెట్టిండు.
బీడీలు తడువలే.

పైపు పడుతది, పంపు పడుతది.
మనిషి పట్టడు.
కావాలనే.
ఖదీర్ అద్దాలు దించుకొని
మల్లొక మాట అడగకుండ నిప్పురవ్వలు లేపిండు.

భాద్రపదంల ఒక అర్ధరాత్రి సైరన్ మోగింది.
ఇండ్లు కిటికీలదాక మునిగినంక
చీకట్ల కిర్రుకిర్రుమనుకుంట
అదొక్కటే లేసింది.
తాడు పట్టుకొని, సెల్లు లైట్లు పట్టుకొని, పలకల మీద ఆడోళ్ల లైను.
రహమత్ బీ మేకను బయట కట్టేయనన్నది,
రెండూ కలిసే పోయినయ్ లోపలికి.
పదమూడేండ్ల పిల్ల ఒకతి బయటికొచ్చి
గుసగుసగ చెప్పింది:
అక్కా, లోపల పొడిగున్నది.

పొద్దున ఆఖరు డ్రమ్ము నీళ్లు గ్లాసుల పట్టి
ఎండకు ఎత్తి చూసిన.
పలుచటి చాయ్ రంగు.
తాగనీకె కాదు. మూసీ కంటె నయం,
అదేం పెద్ద పొగడ్త కాదనుకో.
ఒక పైపు వంగి, కడెం ఇరికి,
ఒక మూల ఇంకా కిందనే ఉన్నది.

ఆరు నెలలకు మడ్డి నిండుతది.
ట్యాంకర్ మా గల్లీల తిరగదు,
అరవై అడుగుల పైపు కొనాలె,
ఇంటికి ముప్పై చొప్పున చీటీ ఎత్తుతున్నం.
పదకొండు ఇండ్లు ఇంకా ఇయ్యలే.
మొన్న ఇద్దరు పెద్దమనుషులొచ్చి
ఎవరో ఒకడు దొరుకుతడు, ఐదువందలిస్తే దిగుతడు,
మూత జర పెద్దగ కోయరాదు అన్నరు.

మడ్డి పెరుగుతనే ఉన్నది.
మూత తొమ్మిదే.